పాచి నోరు

నా భార్య వెంగమ్మ నోరు తెరిచి నవ్వడం నేర్చుకున్నది నలభై ఆరో ఏట. నలభై ఎనిమిదో ఏట పోయింది. తలలో నరం చిట్లిందన్నారు. పొయ్యి మీద చారు పొంగుతుంటే దించడానికి వంగి, అలాగే ఒరిగిపోయింది. మూతి ఒక పక్కకు లాగింది. పళ్ళు మాత్రం తెల్లగా, తీరుగా ఉన్నాయి.

ఆ పళ్ళ తెలుపు మా ల్యాబ్‌లో పుట్టింది.

మాది మెట్ట. కనిగిరి దాటాక మా వైపు బోరు ఎక్కడ వేసినా ఫ్లోరైడ్ నీళ్ళే. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకు పాలపళ్ళు ఊడాక వచ్చే పళ్ళు గోధుమరంగు చారలతో వస్తాయి. తోమితే పోయే గార కాదు. రంగు పన్ను లోపలే ఉంటుంది. మా ఆడవాళ్ళు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. బయటివాళ్ళు అది సిగ్గు అనుకుంటారు.

నేను ఊరి హైస్కూల్లో పదో తరగతి చదివి, పట్నంలో ఒక దంత వైద్య కళాశాలలో అటెండరుగా చేరాను. ఇరవై ఏడేళ్ళు సూక్ష్మజీవుల ల్యాబ్‌లోనే గడిచాయి. కబేళాకు పోయి గొర్రె రక్తం గడ్డకట్టకుండా సీసాలో తిప్పుతూ తెచ్చేది నేను. కాచిన జెల్లీలో దాన్ని కలిపి గాజు పళ్ళేల్లో పోసేది నేను. నోట్లో తిప్పిన దూదిపుల్లతో ఆ పళ్ళెం మీద గీసి, ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెట్టేది నేను. రెండు రోజులకు చుక్కలు మొలుస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో క్రిమి సంసారం. పన్ను తినే చుక్క ఏదో, ఎవరి జోలికీ పోని చుక్క ఏదో మూత తీసి వాసన చూసి చెప్పేవాణ్ణి. డిగ్రీలున్న పిల్లలకు అది నచ్చేది కాదు. నచ్చకపోతే మానె.

డాక్టర్ హైమవతి ఆ ల్యాబ్‌కు పెద్ద. పంటికి సిమెంటు అతుక్కోవాలంటే ముందు ఒక బంక పూస్తారు. ఆ బంకలో క్రిముల్ని చంపే మందు కలపాలని ఆమె తొమ్మిదేళ్ళు తన్నుకులాడింది. కాగితపు బిళ్ళకు బంక పూసి, క్రిములు చల్లిన పళ్ళెంలో పెడితే, బిళ్ళ చుట్టూ అవి చచ్చి ఒక వలయం తేటపడుతుంది. నేను స్కేలు పెట్టి కొలిచేవాణ్ణి. మొదటి రోజు పద్నాలుగు మిల్లీమీటర్లు. నెలకు తొమ్మిది. మూడు నెలలకు సున్నా. ఏ మందు కలిపినా ఇంతే.

ఆరో రకం బంక మాత్రం ఏడాది తరువాత కూడా పద్నాలుగే చూపించింది. ఉమ్మి తగిలినప్పుడల్లా దాని పైపొర తనను తాను మళ్ళీ కట్టుకుంటోందని మేడమ్ తేల్చింది. ఒకసారి గ్లాసులో ఉమ్మి పోసి, బంక పూసిన పన్ను, పూయని పన్ను రెండూ ఆనించి ఉంచాము. పది రోజులకు పూయని పన్ను తీసి పళ్ళెంలో పెట్టాను. దాని చుట్టూ కూడా వలయం.

"పాకుతోంది, మాలకొండయ్యా!" మేడమ్ స్కేలు నా చేతిలోంచి లాక్కుని తనే కొలిచింది. "నాలుగు పళ్ళకు పూస్తే చాలు. నోరంతా అదే కాపలా కాస్తుంది."

"నాలుక మీదికి పాకితేనో?" అన్నాను. తెలిసి కాదు, ఊరికే అన్నాను.

ఆమె నవ్వు ఆపింది. "పాకితే పని ఆపేయాలి. నాలుక మీద మనకు పనికొచ్చేవి ఉంటాయి."

ఆ రోజే కాగితాల్లో రాయించింది. మనుషుల మీద పరీక్షించేటప్పుడు బంక పూయకముందు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి నాలుక మీది క్రిములు లెక్కపెట్టాలి. తగ్గితే ఆపాలి. ముందుకు పోవడానికి అదొక్కటే తలుపు. నా ప్రశ్న నుంచే ఆ తలుపు వచ్చింది.

మా ఊళ్ళ నుంచి నలభై ఇద్దరు వచ్చారు. జాబితాలో మొదటి పేరు వెంగమ్మది, చివరి పేరు మా అమ్మాయి సునందది; అప్పటికి వాళ్ళిద్దరూ ఊళ్ళోనే ఉండేవాళ్ళు. అందరికీ పై వరస ముందు పళ్ళు ఆరింటికి చారలు గీకి, బంక పూసి, తెల్ల సిమెంటు అద్దారు. నేను వేయించుకోలేదు. నా నవ్వు ఎవరికి కావాలి? ఆరు నెలలకు నాలుకల లెక్క చూశారు. ముందూ వెనకా ఒకటే, తేడా లేదు అన్నారు. తలుపు తెరుచుకుంది.

ఆ తరువాత పదహారు నెలలకు వెంగమ్మ పోయింది.

బంకే చంపిందని నాకు అనిపించింది. రుజువు లేదు. రుజువు లేకపోయినా ఏడాది పాటు మేడమ్ టీ కప్పు కడగలేదు. ఆమె తనే కడుక్కుంది, ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

* * *

సునంద మొబైల్ షాపులో పనిచేస్తుంది. మొగుడు శ్రీహరి ఏసీలు బాగుచేస్తాడు. నేనున్న వీధికి రెండు వీధుల అవతలే వాళ్ళిల్లు. ఆమెకు ఏడో నెల వచ్చినప్పుడు కాళ్ళు వాచాయి.

"నాయనా, కూచో. ఆ తిరుగుడేంది, కాలు కాలిన పిల్లిలాగా?"

"బీపీ ఎంత?"

"నూటయాభై. కింద వంద. డాక్టరమ్మ మాత్రలు మార్చింది."

"ఉప్పు తింటన్నావా?"

"ఉప్పు మానేసి నెలయింది. ఈయన రోజూ తోటకూర, బీట్‌రూట్ మోసుకొస్తన్నాడు. బీపీ తగ్గిద్దంట. నేను మనిషినో మేకనో నాకే తెలియట్లా."

"మేకకు బీపీ ఉండదులే," అన్నాడు శ్రీహరి వంటింట్లోంచి. "కాబట్టి నువ్వు మనిషివే."

"చూశావా నాయనా, మీ అల్లుడికి నోరు లేచింది."

ఆమె నవ్వింది. అవే పళ్ళు. వెంగమ్మ నవ్వినట్టే. తరువాత కణతలు నొక్కుకుంటూ మామూలు గొంతుతో అడిగింది. "అమ్మకు కూడా ఇట్టానే ఉండెనా? తలకాయి దిమ్ముగా ఉందనేది గదా, పోయే ముందు."

నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను. ఆ ఇంట్లో ఇంక ఉండలేకపోయాను.

మర్నాడు మేడమ్ గదికి పోయాను. ఏడాది తరువాత మొదటిసారి పిలవకుండా పోయాను.

"నా కూతురి నోరు చూడాలి మేడమ్."

ఆమె ఎందుకని అడగలేదు. "తీసుకురా," అంది.

సునందను కుర్చీలో కూర్చోబెట్టి, మా ఇద్దరికీ చెరో గ్లాసు బీట్‌రూట్ రసం తాగించింది. అరగంట ఆగి ఇద్దరినీ చెరో గిన్నెలో ఉమ్మమంది. మూత్రపరీక్షకు వాడే కాగితపు పట్టీలు రెండు తీసి ముంచింది. నా పట్టీ చూస్తుండగానే ముదురు గులాబీ రంగుకు తిరిగింది. సునందది తెల్లగానే ఉంది. ఐదు నిమిషాలు చూశాము. పది నిమిషాలు చూశాము. తెలుపే.

"రంగు రాకపోతే ఏందమ్మా?" అని సునంద అడిగింది.

"ఆకుకూరల్లో, దుంపల్లో ఒక లవణం ఉంటుంది. నాలుక మీది క్రిములు దాన్ని మారుస్తాయి. మారింది కడుపులోకి పోయి, రక్తంలో కలిసి రక్తనాళాల బిగువు తగ్గిస్తుంది. నీ నాలుక మీద ఆ పని చేసేవి లేవు."

"అంటే నేను తిన్న తోటకూరంతా దండగేనా?"

"ఇప్పటికి అంతే."

సునంద నా వైపు తిరిగింది. "ఇంటికి పోయి ఆ మనిషికి చెప్తా ఉండు."

ఆమెను బయట కూర్చోబెట్టి నేను తలుపు మూశాను.

"బంకే చంపింది వాటిని. తీసేయండి మేడమ్."

మేడమ్ బీరువాలోంచి ఫైలు తీసింది. "తీయడమంటే పూత గీకడం కాదు, నీకు తెలుసు. అది పంటి లోపలికి దిగి ఉంటుంది. ఆరు పళ్ళూ పీకాలి. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లకు, బీపీ ఉన్న పిల్లకు. ఏం చూసుకుని పీకను?" ఫైలు నా ముందుకు తిప్పింది. "బంక పూయకముందు ఈ అమ్మాయి నాలుక మీద రెండు చుక్కలు. నువ్వు గీసిన పళ్ళెమే. మీ ఆవిడది మూడు. నలభై ఇద్దరిదీ అంతే. ముందే లేనివాటిని బంక ఎలా చంపుతుంది?"

నేను ఫైలు మూసి ఆమె వైపు తోశాను.

"అప్పుడే నిన్ను అడిగాను. మీ ఊళ్ళ నాలుకల మీద ఇంత తక్కువ ఎందుకు అని. మా నీళ్ళు అలాంటివి మేడమ్ అన్నావు. అది సబబుగానే ఉందని పరిశోధన పత్రంలో కూడా రాశాను." ఆమె కళ్ళద్దాలు తీసి నా పట్టీని మళ్ళీ చూసింది. "నువ్వూ ఆ నీళ్ళే తాగావు. నీకెలా ఉన్నాయి?"

"పట్నం వచ్చి చాలా ఏళ్ళయింది గదా మేడమ్."

"అయ్యుండొచ్చు," అంది. నమ్మింది. నేను చెప్పింది ఆమె ఎప్పుడూ నమ్మేది. వలయం పదమూడున్నర అంటే పదమూడున్నరే రాసుకునేది.

నేను తలుపు దాకా పోయాక వెనక నుంచి అంది. "వచ్చే నెల మూడు మండలాల బడుల్లో మొదలుపెడుతున్నాం. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు, నాలుగు వేల మంది. అనుమతి వచ్చింది. నీకు సంతోషమే కదా?"

* * *

నీళ్ళ మాట అబద్ధం. నాకు తెలుసు.

ఫారంలో మొదటి గడి ఇది: పాచి నోటితో వచ్చారా? అంటే నిద్ర లేచి పళ్ళు తోమకుండా, నాలుక గీసుకోకుండా, నోరు పుక్కిలించకుండా రావాలి. అలా రాకపోతే వెనక్కి పంపి ఇంకో రోజు రమ్మనాలి. రాత్రంతా నాలుక మీద పెరిగినవి ఉంటేనే లెక్క నిలుస్తుంది. మేడమ్ నాకు రెండుసార్లు చెప్పింది.

మా ఊళ్ళవాళ్ళు చీకటితో లేచి బస్సెక్కి ఎనిమిదింటికి దిగారు. ఒక్కరు కూడా పాచి మొహంతో రాలేదు. వేపపుల్ల నమిలి, అదే పుల్ల చీల్చి నాలుక గీసి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, బొట్టు పెట్టుకుని వచ్చారు. దేవుడి దగ్గరికి, డాక్టరు దగ్గరికి పాచి మొహంతో ఎవరు పోతారు? కొందరికి అదీ చాలలేదు. బస్సులో వక్కపొడి వేసుకున్నాం, నోరు బాగాలేదన్నారు. బేసిన్ దగ్గర క్రిములను చంపే ఎర్ర మందు ఉంటే, నేనే మూతలతో పోసి ఇచ్చాను. అందరూ పుక్కిలించారు. సిగ్గుతో గొంతు దాకా పుక్కిలించారు.

వెంగమ్మ వరసలో ముందు నిలబడింది. "తోముకోవద్దని చెప్పాను గదే," అన్నాను.

"ఆ పెద్దామె చేతికి నా పాచి నోటి ఎంగిలి ఇమ్మంటావా? సిగ్గుండాలి నీకు." ఆమె నా చేతిలోని మూత లాక్కుంది. "ఇంకొంచెం పొయ్యి."

నలభై ఇద్దరిని వెనక్కి పంపితే మళ్ళీ వస్తారా? అయినా ఒక పూట పళ్ళు తోమితే ఏమవుతుందిలే అనుకున్నాను. నా వాళ్ళను పాచి నోటితో ఆ డిగ్రీ పిల్లల ముందు నిలబెట్టడం నాకూ ఇష్టం లేదు. అదీ ఉంది. గడిలో అవును అని రాశాను. నలభై రెండు సార్లు.

అందుకే ముందు చుక్కలు లేవు. తరువాత బంక చంపినా తేడా కనపడలేదు. నా నాలుక మీద ఎందుకున్నాయంటే, వెంగమ్మ పోయాక నేను నాలుక గీసుకోవడం మానేశాను. ఎవరితో మాట్లాడాలని?

ఈ సంగతి చెబితే పదిమాటల పని. చెబితే బడుల పని ఆగుతుంది. చెబితే సునంద పళ్ళు పీకడానికి రుజువు దొరుకుతుంది. చెబితే వెంగమ్మను చంపింది హైమవతి కాదు. ఏడాదిగా నాకు మిగిలిన ఆస్తి ఆ కోపం ఒక్కటే.

పదకొండు రోజులు చెప్పలేదు.

* * *

ఆ పదకొండు రోజులూ నేను ఎక్కడా నిలవలేదు. ల్యాబ్‌లో పళ్ళేలు పోసి, మూతలు మరిచాను. రెండుసార్లు పోసినవి బూజుపట్టి పారేశాను. సాయంత్రాలు సునంద వీధి చివరిదాకా పోయి వెనక్కి తిరిగేవాణ్ణి. శ్రీహరి ఫోనులో అంకెలు చెప్పేవాడు. నూటయాభై నాలుగు. నూటయాభై రెండు. నూటయాభై ఎనిమిది.

ఒక ఆదివారం బస్సెక్కి ఊరికి పోయాను. జాబితాలో ఉన్న అచ్చమ్మ ఇంటి ముందు దిగాను. డెబ్బై ఏళ్ళ మనిషి. వాకిట్లో కందులు చెరుగుతోంది. నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వింది.

"ఏందబ్బయ్యా, ఇట్టా ఊడిపడ్డావు? నా పళ్ళు చూసిపోదామనా? చూడు చూడు. మా మనవరాలి పెళ్ళిలో ఫొటోలాయన నన్నే ముందు నిలబెట్టాడు."

"ఒంట్లో ఎట్టుంది అత్తా?"

"తల తిరగతా ఉంటది. వయసు గదా. మన పళ్ళోళ్ళలో ఇద్దరు పోయారు, విన్నావా? చాకలి నరసమ్మ, ఆ బోరింగు కోటయ్య. ఇద్దరూ నిలబడ్డోళ్ళు నిలబడ్డట్టే. మీ వెంగమ్మ లాగా. చావు కూడా తెల్లపళ్ళ కోసం వస్తందేమో అని మా కోడలు ఎకసెక్కం."

నేను అరుగు మీద కూర్చోలేదు. "అత్తా, ఆ పొద్దు మీరు పళ్ళు తోముకుని వచ్చారు గదా?"

"తోముకోకుండా ఎట్టొస్తాం? నువ్వే గదయ్యా ఎర్ర మందు పోసింది. ఘాటుకు నాకు కళ్ళెంబడి నీళ్ళు. అది తాగేదనుకుని కోటయ్య రెండు గుక్కలు మింగె." ఆమె చేట ఆపి నా మొహంలోకి చూసింది. "ఎందుకడగతన్నావు? ఏమన్నా తప్పు జరిగిందా?"

"లేదు," అన్నాను.

"లేకపోతే ఆ మొహమేంది, ఉమ్మెత్తకాయి మింగినోడిలాగా? కూచో, మజ్జిగిస్తా."

తాగకుండా వచ్చేశాను. బస్సులో నిలబడే వచ్చాను, సీటు ఖాళీగా ఉన్నా. నరసమ్మ, కోటయ్య. ఇద్దరి గడుల్లోనూ అవునని రాసిన చెయ్యి ఇనపకడ్డీ పట్టుకుని ఉంది.

మర్నాడు శ్రీహరి చెప్పిన అంకె నూటఅరవై ఐదు. రెండు రోజుల్లో దిగకపోతే కడుపు కోసి బిడ్డను తీసేస్తామని కాన్పుల డాక్టరు అన్నదట. ముప్పై వారాలు కూడా నిండలేదు. బతుకుతుందా అని అడిగితే చూద్దాం అన్నదట.

* * *

ఆ మధ్యాహ్నం మేడమే సునందను మళ్ళీ పిలిపించింది. పట్టీ పరీక్ష ఇంకోసారి చేయాలంది. సునంద కుర్చీలో వాలి ఉంది. మొహం ఉబ్బి, కళ్ళు చిన్నవైపోయాయి. పట్టీ తెల్లగానే ఉంది.

"కారణం ఇంకేదో ఉంది," అంది మేడమ్. "నీళ్ళది తీసేస్తే—"

"నీళ్ళు కాదు," అన్నాను.

ముందే ఆమెతో విడిగా చెప్పి ఉండొచ్చు. పదకొండు రోజులు ఉన్నాయి. కూతురి ఎదురుగా నిలబడే దాకా తెచ్చుకున్నది నేనే.

"ఎవరూ పాచి నోటితో రాలేదు. అందరూ తోముకుని, నాలుక గీసుకుని వచ్చారు. ఎర్ర మందు నేను పోశాను. ఫారాల్లో అబద్ధం రాశాను. నీళ్ళ మాట నేను పుట్టించింది. ముందు చుక్కలు ఉండేవే. బంకే చంపింది."

మేడమ్ చేతిలో పట్టీ ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టింది.

"మిల్లీమీటరులో సగం కూడా వదిలేవాడివి కాదు," అంది.

"పళ్ళేల దగ్గర వదలను. వాళ్ళు మనుషులు."

"ఎంతమంది పోయారు?"

"ముగ్గురు. నాకు తెలిసి."

ఆమె అరవలేదు. అరిస్తే నాకు తేలిక అయ్యేది. "ఆ రోజు ఎనిమిదింటికి నేను కిందికి దిగి ఉంటే..." అంది. "ఒక్క నాలుక చూసినా తెలిసిపోయేది. నేను పదిన్నరకు వచ్చాను." తరువాత ఫోను తీసుకుని బడుల పని ఆపమని చెప్పింది. కారణం అడిగినట్టున్నారు. "పరీక్ష తప్పు. బాధ్యత నాది. కాగితం పంపిస్తాను," అని పెట్టేసింది.

ఆమె తన తప్పు ఒప్పుకుంది. అయినా నేను మన్నించలేదు. పదిన్నర పదిన్నరే.

సునంద ఇంతసేపూ నన్నే చూస్తోంది.

"అమ్మది కూడా నువ్వే రాశావా?"

"రాశాను."

"అవునని?"

"అవునని."

"నాది?"

నేను తల ఊపాను. ఆమె మొహం తిప్పుకుని మేడమ్ వైపు చూసింది.

"పీకండమ్మా. ఇయ్యాలే పీకండి."

* * *

కాన్పుల డాక్టరును పక్కన ఉంచుకుని, బీపీ దించే ఇంజక్షన్లు ఇస్తూ, ఆ సాయంత్రం మూడు, మర్నాడు మూడు పీకారు. నేను తలుపు బయట నిలబడ్డాను. స్టీలు పళ్ళెంలో పన్ను పడ్డ ప్రతిసారీ శబ్దం వచ్చింది. ఆరు శబ్దాలు. తరువాత ఆ పళ్ళు నాకే ఇచ్చారు. క్రిములు చల్లిన పళ్ళేల్లో పెట్టాను. రెండు రోజులకు కొలిచాను. పద్నాలుగు. దాదాపు మూడేళ్ళు ఆమె నోట్లో ఉండి కూడా పద్నాలుగే.

పూత ఉన్న పన్ను తీసేస్తే మిగతా చోట్లకు పాకిన పొర వారంలో ఎండి రాలిపోతుందని గ్లాసుల్లో ముందే చూసి ఉన్నాము. ఆ వారం ఆమెను ఆసుపత్రి మంచం మీదే పడుకోబెట్టారు. అంకె నూటయాభై దగ్గర కొట్టుకులాడింది. మేడమ్ రోజూ పోయి నాలుక చూసి వచ్చేది. ఎనిమిదో రోజు నన్ను వెంట రమ్మంది.

"పొర పోయింది," అంది సునందతో. "ఇక నేల ఖాళీగా ఉంది. విత్తనం వేయాలి. వేయకపోతే బూజు మొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నాలుక మీది దూదితో నీ నాలుక మీద రుద్దాలి. రోజూ పొద్దున. ఎంత బలమైన విత్తనమైతే బీపీ అంత త్వరగా దిగుతుంది." ఆమె నా వైపు చూపించింది. "మీ నాన్నది బాగా బలంగా ఉంది. ఆ రోజు చూశాం కదా. రోగాల పరీక్షలు కూడా చేయించాను. ఏమీ లేవు."

సునంద పెదవులు లోపలికి పడి ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ముసలిదానిలా. మాటల్లో గాలి పోతోంది. అయినా స్పష్టంగానే చెప్పింది.

"ఆయన ఎంగిలి నాకొద్దు."

"అమ్మా, ఇది కోపం చూసుకునే సమయం కాదు."

"కోపం కాదమ్మా. వద్దు." ఆమె గోడ పక్కన నిలబడ్డ శ్రీహరిని చూసింది. "ఈయనది పనికిరాదా?"

మేడమ్ అక్కడే శ్రీహరికి రసం తాగించి పట్టీ పెట్టింది. రంగు వచ్చీ రానట్టు వచ్చింది. రోజుకు రెండుసార్లు పేస్టుతో తోమి, ఇనప బద్దతో నాలుక గీసే మనిషి. "బలహీనంగా ఉంది," అంది మేడమ్. "ఈయన నాలుగు రోజులు నాలుక ముట్టుకోకుండా ఉండాలి. తరువాత కూడా పట్టుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మీ నాన్నదైతే వారం. ఈ మధ్యలో ఏమైనా జరిగితే?"

"జరిగితే జరగనీండి. వారం కోసం ఆయన్ని నా నోట్లో పెట్టుకోను."

శ్రీహరి నన్ను చూసి, కింద చూశాడు. "నాలుగు రోజులు పళ్ళు తోముకోకుండా ఎవరింటికి పోయి ఏసీ ఇప్పేది?" అన్నాడు, ఏదో ఒకటి అనాలని. "తలుపు తీసినోళ్ళు తీసినట్టే వేస్తారు."

సునంద నవ్వబోయి చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుంది.

నేను బయటికి వచ్చేశాను. ఆమె చెప్పింది తప్పు కాదు. నేనైనా అదే చెప్పి ఉండేవాణ్ణి. నా కూతురే కదా.

* * *

విచారణ పడింది. అది తేలే దాకా రక్తపు పళ్ళేలు పోసేవాడు ఇంకొకడు లేడు కాబట్టి నన్ను ఉంచారు. మేడమ్ పత్రం వెనక్కి తీసుకుంది. జాబితాలో మిగిలినవాళ్ళందరినీ పిలిపించి, ఒక్కొక్కరికీ విషయం చెప్పి, పళ్ళు పీకాలని నిర్ణయించింది. మొదటి రోజు అచ్చమ్మ వచ్చింది. విషయం విని, వరండాలో అందరి ముందూ నా చొక్కా పట్టుకుంది. "మింగినోడి మొహమని అప్పుడే అన్నానే! ఆ పొద్దే చెప్పి ఉంటే మన పళ్ళోళ్ళ పెద్దకులాయప్పను ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్ళం గదరా! ఆ రాత్రే కాలూ చెయ్యీ పడిపోయె!" అంది. పెద్దకులాయప్ప సంగతి నాకు అప్పుడు తెలిసింది. అదీ ఆ పదకొండు రోజుల్లోనే. నేను చొక్కా విడిపించుకోలేదు. ఆమె అలిసిపోయి తనే వదిలింది.

సునంద దగ్గరికి పోలేదు. వీధి చివరిదాకా కూడా పోలేదు. శ్రీహరి ఫోన్లు ఆగిపోయాయి. నేను చేయలేదు. ల్యాబ్‌లో గంట గంటకు చేతులు కడిగాను. అవసరం లేకపోయినా పెట్టె తెరిచి ఉష్ణోగ్రత చూశాను. ముప్పై ఏడు. ముప్పై ఏడు.

విత్తనం వేయడం మొదలుపెట్టాక పందొమ్మిదో రోజు పొద్దున ఫోను మోగింది.

"మామా, నేను. బయటికొచ్చి మాట్లాడతన్నా."

"చెప్పు."

"పట్టీ రంగు తిరిగింది. ముదురు కాదు, లేత గులాబీ. మేడమ్ చూసి అవును ఇదే అనింది."

"బీపీ?"

"నూటముప్పై ఆరు. కింద ఎనభై ఎనిమిది. కోయనక్కర్లా, నెలలు నిండే దాకా ఆగొచ్చన్నారు. లోపల బిడ్డ బాగానే తంతంది."

అటు బస్సు హారను వినపడింది. నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

"సునంద చెప్పమనిందా?"

"లేదు మామా. మీకు చెప్పొద్దనింది."

"అయితే నాకు చెప్పినట్టు ఆమెకు తెలియనియ్యబాకు."

"ఒకసారి వచ్చిపోరాదూ? ఎదురుగా ఉంటే మెత్తబడుద్దేమో."

"మెత్తబడకూడదు," అన్నాను. "నువ్వు లోపలికి పో. ఒంటరిగా ఉంటది."

ఫోను పెట్టేసి, జెల్లీ తూచడం మొదలుపెట్టాను. జాబితాలో ఇంకా ముప్పై ఎనిమిది నోళ్ళున్నాయి.